మింగని మాత్రలు

తిరుపతి,
ఏప్రిల్, ఉగాది పోయిన వారం

అత్తకు, రూపశ్రీ రాసేది.

ఈ జాబు అంగట్లో విప్పొద్దు. ఎవరైనా ఉంటే మడిచి రైకలో దోపుకో, అందరూ పోయినాక చదువు.

పోయిన దీపావళి ముందర నన్ను తిట్టుకుంటా, మొహం అటు తిప్పుకుంటా థర్మాకోల్ డబ్బాలో పెట్టి బెంగుళూరు నుంచి తిరుపతికొచ్చే బస్సుకు వేసినావే, దాంట్లో నుంచి ఒకటి దొరికింది అత్తా. బాక్టీరియా. ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ పేరు పెట్టనిది. నీ కడుపులో నుంచి!

ఇది గాలి తగిలితే చచ్చిపోయే రకం. అందుకని ఆక్సిజన్ లేకుండా గ్యాస్ నింపిన పెద్ద పెట్టె ఉంటుంది మా దగ్గర. ఆ పెట్టె పక్క గోడకే రబ్బరు గ్లౌజులు బిగించి ఉంటాయి. వాటిలోకి చేతులు దూర్చి పని చేయాల. నెలల తరబడి అట్లే చేసినాను. బాక్టీరియాను పెంచే ప్లేటులో తెల్ల చుక్కల మధ్యలో ఒక పసుపు చుక్క కనిపించింది. దాన్ని విడిగా పెంచి, జన్యువులో ఒక ముక్క చదివించి, పేరున్న వాటన్నిటితో పోల్చినాను. దగ్గరి చుట్టాలున్నాయి గానీ అచ్చం అదే ఇంకెక్కడా లేదు.

అంతటితో అయిపోలేదులే. జన్యువు మొత్తం చదవాల, ఏం తింటాదో ఏ వేడికి పెరుగుతాదో అన్నీ చూసి రాయాల, బతికుండేదాన్ని చూపించాల. చచ్చినదానికి కొత్త జాతి అని ఒప్పుకోరు. మా గైడు చక్రధర్ సార్ మామూలుగా నవ్వడు. మొన్న ప్లేటు చూసి నవ్వినాడు.

పొద్దన్నే సద్దన్నం తినడం మానొద్దు. దానివల్లే అని నేను చెప్పలేను గానీ, మానొద్దు.

నీ రూప

*

బంగారుపాళ్యం,
మే నెల

రూపా,

నీ జాబు మూడు దినాలు దాసిపెట్టి సదివినా. సదివినాక నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీలేదు. డిగ్రీలు సదివిన దానివి, ఇంతమంది మనుషులుండంగా పోయి పోయి మేనత్త దొడ్డిలో ఎతుకుతావా? మీ నాయన నిన్ను డాక్టరు చేయాలనుకున్నాడు పాపం.

నువ్వు ఫోన్లో అడుగుతావు, నేను పొయ్యికాడ ఉంటా. ఇడ్లీ తినేవాళ్ల ముందర "ఆ, నిన్న బాగనే అయినాది" అని నేను సెప్పేదెట్లమే? అందుకే ఈ కాగితాలు. మనూళ్లో ఈ సంగతి తెలిసిందంటే నా అంగట్లో ఒగడు సెయ్యి కడగడు. డబ్బా బస్సుకేసేటప్పుడు కండక్టరు ఏందిమ్మా అంటే మామిడికాయ ఊరగాయ అన్న్యా. రవ్వంత నాకూ పెట్టమ్మా అన్న్యాడు. నా పానం పోయినంత పనైంది.

అయినా ఒగ మాట సెప్తా, నాకు గర్వంగానే ఉండాది. మీ మామ పోయినప్పటినుంచి నన్ను ఇడ్లీ నాగరత్నమ్మ అనేవాళ్లే గానీ, నాలో ఒగ ఇశేషం ఉండాదని సెప్పినోళ్లు లేరు. దాన్ని జాగర్తగా సూసుకో. కాణిపాకం పోయినప్పుడు దానికీ కలిపి ఒగ టెంకాయ కొడతా.

మునికుమార్‌కి, కోడలు మోహనకి నేనేమీ సెప్పలేదు. సెప్తే వాడు ఊరంతా సెప్పుకుంటాడు.

మీ అత్త
నాగరత్నమ్మ

*

తిరుపతి,
జూన్ మొదటి వారం

అత్తా,

అది పోయింది.

ఎట్ల రాయాలో తెలీక రెండు కాగితాలు చించేసినాను. పెట్టెకుండే గ్లౌజులో వేలి సందున సన్న చీలిక పడింది. శని, ఆదివారాలు నేను లేను. సోమవారం వచ్చేసరికి గ్యాస్ సిలిండరు ఖాళీ, పెట్టె నిండా మామూలు గాలి. ప్లేట్లన్నీ చచ్చిపోయినాయి. గడ్డకట్టించి దాచిన గొట్టాలు తీసి కరిగించి చూసినాను, ఒక్కటీ లేవలేదు. సరిగా దాచలేదంట, తొందరపడినానంట. చక్రధర్ సార్ అరవలేదు. అరిచినా బాగుండేది. "కాగితం మీద జన్యువుంది, చేతిలో ప్రాణి లేదు. ఇంక ఏం రాస్తావు?" అని వెళ్లిపోయినాడు.

డిసెంబరుకు నా ఫెలోషిప్పు అయిపోతుంది. ఇది లేకపోతే నా థీసిస్‌లో ఏమీ లేదు.

నీ శాంపిల్ మిగల్లేదు. శాంపిల్ ఇచ్చిన తక్కిన వాళ్లందరివీ మళ్లీ వెతికినాను, ఎవరి దాంట్లోనూ ఇది లేదు. నీ దగ్గరే ఉంది. ఇంకొక తూరి పంపాల నువ్వు. ఇప్పుడే కాదు, గ్లౌజులు మార్చాల, మద్రాసు నుంచి గ్యాస్ రావాల. వచ్చినాక ఖాళీ డబ్బా పంపిస్తా.

అంతవరకు ఒక్కటి గుర్తు పెట్టుకో అత్తా, నీకు దండం పెడతా. యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి కూడా మింగొద్దు. జలుబన్నా, పన్ను నొప్పన్నా మెడికల్ షాపుకు పోయి రంగు క్యాప్సూల్ తెచ్చుకుంటావే, అది వద్దు. మింగినావంటే కడుపులో మంచివీ చెడ్డవీ అన్నీ పోతాయి. అది పోతే మళ్లీ యాడ వెతకాలో నాకు తెలీదు.

రూప

*

బంగారుపాళ్యం,
జూన్ నడిమి

పాపా,

ఏడ్వాకు. నా కడుపు యాడికీ పోలేదు, ఈడ్నే ఉండాది. అది ఒగతూరి పుట్టింది, ఇంకోతూరి పుడతాది. మీ సారుకు సెప్పు, నాగరత్నమ్మ ఉండాదని.

ఈడ మామిడి సీజను. గుజ్జు ఫ్యాక్టరీలకాడ లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోయినాయి. డ్రైవర్లంతా నా అంగడికాడే. సాంబారుకు పొయ్యి ఆరేది లేదు. మోహన ఒగ పక్క దోసెలు, నేనొగ పక్క ఇడ్లీలు. మాట్లాడను కూడా తీరిక లేదు.

ఒగ సంగతి అడగాల. పోయిన శుక్రవారం అంగటి ఎనక ఎవడో సోడా సీసా పగలగొట్టిపోయినాడు. నేను వంటకాడ సెప్పులేసుకోనని నీకు తెలుసు కదా. పెంకు అరికాల్లో దిగింది. తీసేసినా. శానా నొప్పేం లేదు, నాకే ఆచ్చర్యం, సూసుకున్న్యాక గదా తెలిసింది. ఇప్పుడు సుట్టూ ఎర్రగైంది, రవ్వంత సీము కారతాంది. మునికుమార్ మెడికల్ షాపు పరంధామయ్య కాడికి తీసకపోయినాడు. ఆయన సూది ఏసి, వారానికి క్యాప్సూళ్లిచ్చినాడు. అడిగితే అవే అన్న్యాడు, నువ్వు సెప్పినవే.

ఇంట్లో మింగతా ఉండానని సెప్పినా. మింగలేదు. బియ్యం డబ్బాలో పెట్టినా. ఫోన్లో అడుగుదామంటే వాళ్లు ఇంటారు, ఇంటే మునికుమార్ నోట్లో కుక్కి మింగిస్తాడు. మింగొచ్చునా, ఆగాల్నా? నువ్వెట్లంటే అట్ల. ఎంటనే రాయి.

అత్త

*

తిరుపతి,
జూన్

అత్తా,

తొందరలో రాస్తా ఉండాను, ఏమనుకోవద్దు. గ్యాస్ ఈ వారం వస్తుందన్నారు, ఈ వారం అనేసరికి వచ్చే వారం అంటున్నారు. గ్లౌజులు వచ్చినాయి. సార్‌కు బెంగుళూరులో ఎవరో చెప్పినారంట, వేరే దేశంలో ఒక గుంపు ఇట్లాంటిదే పట్టుకున్నట్టు ఉందని. వాళ్లు ముందు రాసేస్తే మనది రెండోది అయిపోతుంది.

మాత్రలు మింగకుండా మంచి పని చేసినావు. చిన్న గాయమే కదా, ఒక్క వారం ఓర్చుకో. వేడినీళ్లతో కడిగి పసుపు పెట్టు. డబ్బా వచ్చిన రోజే పంపేయి.

నువ్వు లేకపోతే నేనేమైపోతానో అత్తా.

రూప

*

బంగారుపాళ్యం,
జూలై, పౌర్ణమి ముందర

రూపా,

ఎట్లనో నీ డబ్బా వచ్చినాది. నువ్వు సెప్పినట్టే గొట్టం నిండా పెట్టి, మూత బిగించి, గాలి పోకుండా సంచిలో సుట్టి, ఐసు మధ్యలో పెట్టినా. ఈ తూరి కండక్టరు ఏందంటే ఒగ సూపు సూసినా, వాడే పక్కకు పోయినాడు.

వారమంటివి, మూడు వారాలైంది. నీ తప్పు కాదులే, గ్యాసోళ్లు. నేను అనుకున్న్యా, నీ పని నా పని ఒగటే కదా. మీ నాయన పోయినప్పుడు నీకేమీ సేయలేకపోతి. ఇదన్నా సేస్తా ఉండా.

కాలు వాసింది. సెప్పు పట్టదు. బొటనేలు పక్కన నల్లగైంది, కుంపటికాడ మసేమో అనుకున్న్యా, కడిగితే పోలేదు. నొప్పి మాత్రం లేదు. సాయంత్రమైతే సలి పుడతాంది. మోహన అడిగితే వానకు తడిసినా అంటి.

మాత్రలు అట్లే ఉండాయి. ఇంక మింగొచ్చునో, ఒగేళ ఇది బస్సులో పాడైతే ఇంకోతూరి అడుగుతావో తెలీక ఆగినా. నీ పని అయిందో లేదో, మింగొచ్చునో లేదో ఒగ మాట రాయి. సూస్తా ఉంటా.

అత్త

*

తిరుపతి,
జూలై

అత్తా! అత్తా! అత్తా!

పెరిగింది!

అదే పసుపు చుక్క. మొదట నమ్మలేదు. మూడు ప్లేట్లలో వేసినాను, మూడింట్లోనూ వచ్చింది. జన్యువు చదివించినాను, పాతదీ ఇదీ అచ్చం ఒకటే. పేరున్న జాతుల జన్యువులతో మొత్తానికి మొత్తం పోల్చి చూసినాం, ఒకే జాతి అనడానికి ఎంత కలవాలో అంతకు చాలా కింద ఉంది. అనుమానమే లేదు, కొత్త జాతి. ఆ వేరే దేశం వాళ్లది ఇది కాదంట, దాని పక్కదంట. ఊపిరి వచ్చింది నాకు.

మైక్రోస్కోపులో చూస్తే సన్నగా, కొంచెం వంకరగా, జంటలు జంటలుగా ఉంటాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! గంజిలాంటి పిండిపదార్థం ఇస్తే బాగా పెరుగుతాయి. చక్కెరిస్తే అంతగా కాదు. రోజూ ఏదో ఒకటి పెట్టి చూస్తున్నా, ఏం తింటాయి, ఏం వదిలేస్తాయి. అన్నం కూడా గుర్తుండడం లేదు నాకు.

చక్రధర్ సార్ లాబులో అందరికీ మైసూరుపాకు పంచినాడు. "ఆ డోనరెవరో గానీ పుణ్యాత్మురాలు" అన్నాడు. మా మేనత్త అని చెప్పలేదు, పేర్లు చెప్పకూడదు మాకు. లోపల మాత్రం పొంగిపోయినాను.

ఈ సారి గొట్టాలు నేనే దగ్గరుండి గడ్డకట్టించినాను. రెండు చోట్ల పెట్టినాను. ఇంక పోదు.

వినాయక చవితికి వస్తా. నీ చేతి కుడుములు తినాల.

నీ రూప

*

చిత్తూరు, ఆస్పత్రిలో,
జూలై ఆఖరు

రూపా,

ఫోన్లో మాట్లాడితే నోరు జారుతుందని రాస్తా ఉండా. నువ్వు చేసిన ఫోన్లు చూసినా, కావాలనే ఎత్తలేదు.

అమ్మ కుడికాలు మోకాలి కింద తీసేసినారు. నిన్న. జ్వరం తలకెక్కి అంగట్లోనే పడిపోయింది. కాలు విప్పి చూస్తే వాసన. మోహన వాంతి చేసుకునింది. ఈడ రక్తం పరీక్ష చేస్తే షుగర్ ఉందని తెలిసింది, ఎన్నాళ్లనుంచి ఉందో. అందుకే నొప్పి తెలీలేదంట. డాక్టరు నన్ను తిట్టినాడు, గాయమైన మొదట్లోనే మందులు పడుంటే కాలుండేదేమో అన్నాడు. మందులు వాడినాము సార్, వారం వాడింది అని నేను ఆయనతో పోట్లాడినా. సిగ్గులేకుండా పోట్లాడినా.

బట్టల కోసం ఇంటికి పోతే మోహన బియ్యం కొలుస్తా ఉండాది. డబ్బా అడుగున మాత్రల అట్టలు, ఒక్కటీ చించలేదు. వచ్చి అమ్మనడిగితే అప్పుడు చెప్పింది. నీ డబ్బా, నీ బస్సు, నీ పురుగు.

తప్పు నీదే అని నేననను. నేనూ కొడుకునే, కళ్లున్నాయి నాకు. కానీ ఒకటి విను. నీ ఆఖరి జాబు వచ్చిన దినం అమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. తిరగేసి వెనక కూడా చూసింది. ఏముందమ్మా అంటే, రూప బాగుంది, పని అయింది అంట అనింది. మాత్రల మాట దాంట్లో లేదు. మింగమని నువ్వు రాస్తావని చూసింది. రాయలేదు కాబట్టి ఇంకా అవసరం ఉందేమోననుకునింది. ఆ తర్వాత నాలుగో దినం పడిపోయింది.

ఇప్పుడు సీసాలు సీసాలు ఎక్కిస్తా ఉండారు, అవే మందులు. నీవి ఇంక లోపల బతికుండవులే.

ఇప్పుడే రావాకు.

మునికుమార్

*

తిరుపతి,
సెప్టెంబరు

అత్తకు,

బావ రావద్దన్నా వచ్చినాను. నువ్వు నిద్రలో ఉన్నావు. బావ వాకిట్లో నిలబడి లోపలికి పోనీలేదు. మోహనక్క తలుపు సందులో నుంచి చూపించింది. దుప్పటి ఒక వైపు చదునుగా ఉంది. నేను వెంటనే బస్సెక్కి వచ్చేసినాను. అప్పటినుంచి రోజూ రాయాలనుకుంటా, పెన్ను పట్టుకుంటా, పెట్టేస్తా.

నువ్వు అడిగినావు. రెండు తూర్లు అడిగినావు. మొదటి తూరి నేను ఓర్చుకో అన్నాను. యాంటీబయాటిక్ ఎందుకిస్తారో, ఆలస్యమైతే ఏమైతుందో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. సీము అని నువ్వు రాస్తే నాకు నా ప్లేట్లే కనిపించినాయి. రెండో తూరి, నల్లగైంది అని రాసినావు, సలి అని రాసినావు. ఆ జాబు చదివినాను అత్తా. చదవలేదని అబద్ధం చెప్పను. గ్యాస్ పెట్టె దగ్గరే నిలబడి చదివి, బల్ల మీద పెట్టి, గ్లౌజుల్లో చేతులు దూర్చినాను. తీసేటప్పటికి మరిచిపోయినాను. అంతే. దానికి వేరే కారణం ఏమీ లేదు.

సార్‌కు అంతా చెప్పినాను. దీని గురించి రాసిన పేపరు పంపొద్దు అన్నాను. శాంపిళ్లిచ్చే మనుషులకు హాని కాకుండా చూసే కమిటీ ఒకటుంది, దానికి ఆయన రాసిచ్చినాడు, నన్నూ రాసిమ్మన్నాడు, రాసిచ్చినాను. విచారణ చేస్తారు. పేపరులో నిన్ను ఆరోగ్యవంతురాలు అని రాసిన చోట కొట్టేసి, షుగరు సంగతి, పుండు సంగతి రాసినాము. కానీ పేపరు ఆపడం నా ఒక్కదాని చేతిలో లేదంట, ఆమెను అడుగు అన్నాడు. ఆమె వద్దంటే ఆపుదాం అన్నాడు.

అందుకే అడుగుతున్నా. కొత్త జాతిని ఒప్పుకోవాలంటే దాన్ని రెండు దేశాల్లో, ఇట్లాంటివి దాచే చోట్లకు పంపాల. అక్కడ నంబరు వేసి, గడ్డకట్టించి, ఎన్నేళ్లైనా చావకుండా చూసుకుంటారు. ఎవరడిగినా ఎక్కడుందో చెప్తారు. పేరు మనం పెట్టొచ్చు. నీ పేరు పెట్టాలని ఉంది నాకు. అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నా.

నామీద నీకు కోపముందా? ఉంటే ఉందని రాయి. రాయకుండా మాత్రం ఉండొద్దు.

రూప

*

బంగారుపాళ్యం,
అక్టోబరు

రూపా,

నేను అంగట్లోనే కుర్సీ ఏసుకోని రాస్తా ఉండా. పొయ్యికాడికి పోలేను. మోహన ఇడ్లీ ఏస్తాది, నేను ఈడ కుచ్చోని అది సరిగా ఏయలేదని అరస్తా ఉంటా. అది పలకదు. నా మీద జాలి అంట. ఎదురు తిట్టినా బాగుండు.

కోపముందా అంటివి. ఉండాది. లేదని రాద్దామని కూసున్న్యా, సెయ్యి రాలేదు. పొద్దన్నే లేస్తానే కాలు కింద పెట్టబోతా. పడతా. పడినప్పుడల్లా నిన్ను తిడతా. మళ్లీ నిన్ను తిట్టినందుకు ఏడస్తా. మునికుమార్ నీ పేరెత్తితే మాత్రం వాడి మీదికి పోతా, మా అన్న బిడ్డనేమన్నా అన్న్యావంటే సూడు అని. ఇట్ల ఉండాది నా బతుకు.

రూప సదువుకునిందని గదా దాన్ని అడిగినావు అంటాడు వాడు. దానికి కాదు. పరంధామయ్య కూడా సదువుకున్న్యాడు, ఆయన మింగమన్న్యాడు. నేను నిన్నడిగింది నువ్వు మా ఇంటి పిల్లవని. ఓర్చుకో అంటే, నా బాధ తెలిసే అంటా ఉంటావనుకున్న్యా. అంతే పాపా. అది పోయింది నాకు. కాలు కన్నా అదే శానా.

పేపరు పంపు. ఆపొద్దు. ఆపితే ఇదంతా దేనికి? నా పేరు పెట్టొద్దు. ఎవరో ఏ దేశంలోనో నా పేరు సెప్పి గొట్టం తీసి సూసుకుంటా ఉంటే, నాకు ఒళ్లు జలదరిస్తాది. నీకేది తోస్తే అది పెట్టుకో.

ఒగటి మాత్రం సేసిపెట్టు. ఆ పురుగుల్ని రెండు దేశాల్లో నంబరేసి దాస్తారని రాసినావు, ఎవరడిగినా యాడుందో సెప్తారని. నా కాలు తీసి యాడ ఏసినారో నాకు ఒగరూ సెప్పలేదు. మునికుమార్ కాగితం మీద సంతకం పెట్టినాడంట, ఆ ఆత్రంలో అడగలేదంట. నర్సునడిగితే అవన్నీ అడగొద్దమ్మా అన్న్యాది. కుక్కలకేసినారా, కాల్చినారా, గుంతలో ఏసినారా? అరవై ఏండ్లు నన్ను మోసిన కాలు. మీ మామ పక్కన పూడ్సుకుందామనుకున్న్యా.

నీకు ఆస్పత్రుల్లో తెలిసినోళ్లుంటారు. కనుక్కోని రా. ఈ సంగతి మాత్రం జాబు రాయాకు, వచ్చి నా ముందర కుచ్చోని సెప్పు.

మీ అత్త
నాగరత్నమ్మ